ఏడీహెచ్‌డీ అనుమానం ఉన్న పిల్లల చేత హోంవర్క్ ఎలా చేయించాలి?

"తెలివి ఉంది, ఒళ్లు వంచడు." ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య ఉన్న పిల్లలు ఇంట్లోనూ బడిలోనూ రోజూ వినే మాట ఇది. నాలుగు లెక్కలకు రెండు గంటలు తీసుకుంటాడు, మధ్యలో మూడుసార్లు పెన్సిలు చెక్కుతాడు, అదే ఫోను చేతికిస్తే కదలకుండా ఆడతాడు. దాంతో కావాలనే చేస్తున్నాడని అందరూ తేల్చేస్తారు. తేడా ఎక్కడుందంటే, ఆటలో చేసినదానికి ఫలితం క్షణాల్లో కనిపిస్తుంది. లెక్కలో రేపు టీచరు దిద్దాక గానీ తెలియదు. ఎప్పుడో వచ్చే ఫలితం కోసం ఇప్పుడు కుదురుగా కూర్చోవడమే ఈ పిల్లలకు కష్టం. అందుకే పనిని చిన్నది చేయాలి, ఫలితాన్ని దగ్గరికి తేవాలి.

ముందు డాక్టరు సంగతి. ఏడీహెచ్‌డీ రక్తపరీక్షలోనో స్కానింగులోనో తేలేది కాదు. లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. పిల్లల మానసిక వైద్యులు ఇటు మిమ్మల్ని, అటు టీచరును అడిగి నిర్ధారిస్తారు. చూపు, వినికిడి ముందే పరీక్ష చేయించండి, నిద్ర సరిపోతోందా చూసుకోండి. బోర్డు మీద అక్షరాలు కనిపించని పిల్లలు కూడా దిక్కులే చూస్తారు. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అల్లరి చేయకుండా ఎటో ఆలోచిస్తూ కూర్చునే ఆడపిల్లల మీదా ఓ కన్నేయండి, వాళ్లను ఎవరూ పట్టించుకోరు. నిర్ధారణ అయ్యేదాకా ఆగక్కర్లేదు, కింద చెప్పే పద్ధతి ఏ పిల్లలకూ చెడు చేయదు.

కావలసినవి: గోడవైపు తిప్పిన బల్ల, ముల్లుతో తిరిగే గడియారం, ముందే చెక్కిన రెండు పెన్సిళ్లు, ఒక్క లెక్క మాత్రమే కనిపించేలా మధ్యలో కిటికీ కత్తిరించిన అట్ట, ఖాళీ గాజు సీసా, గుప్పెడు చింతపిక్కలు. ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉంటే పిక్కలు గొంతుకు అడ్డం పడతాయి, బదులుగా ఐస్‌క్రీం పుల్లలు పెట్టుకోండి.

బడి నుంచి రాగానే ఏదైనా తినిపించి, 45 నిమిషాలు బయట ఆడనివ్వండి. హోంవర్క్ చేయలేదని మర్నాడు ఈ ఆట మానిపించడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఒంట్లో కదలిక తీరని పిల్లలు ఆ సాయంత్రం ఇంకా తక్కువసేపు కూర్చుంటారు. రాత్రి 8 దాటాక ఇక పుస్తకం తెరవకూడదు, మిగిలిపోతే మిగిలిపోనివ్వండి. పొద్దున టీచరుకు రెండు ముక్కలు రాసి పంపితే సరిపోతుంది.

ఇక అసలు చిక్కంతా పని చెప్పడంలోనే ఉంది. వంటింట్లో పోపు వేస్తూ, "నానీ, టీవీ కట్టేసి పుస్తకాలు తియ్యి, డైరీలో ఏముందో చూడు, ఆ నీళ్ల సీసా సింకులో పడెయ్యి" అని కేకేస్తారు. అందులో నాలుగు పనులున్నాయి. పిల్లవాడికి చివరిది ఒక్కటే చెవిన పడుతుంది. సీసా పట్టుకుని సింకు దాకా వెళ్లి, అక్కడ కుళాయితో ఆడుతూ నిలబడిపోతాడు. పది నిమిషాల తర్వాత మీరొచ్చి తిడతారు. వాడికేమో ఎందుకు తిడుతున్నారో నిజంగానే అర్థం కాదు.

కాబట్టి స్టవ్ ఆపి లేచి వెళ్లండి. చేయి చాస్తే అందేంత దగ్గరగా, కిందికి వంగి, భుజం మీద చెయ్యేసి పేరు పెట్టి పిలవండి. మీవైపు చూశాకే నోరు విప్పండి. ఒక్క పని, ఐదారు మాటల్లో: "నానీ, లెక్కల నోటు బల్లమీద పెట్టు." "పెడతావా?" అని అడగకండి, అడిగితే "పెట్టను" అనే హక్కు ఇచ్చినట్టే. "ఎన్నిసార్లు చెప్పాలి" లాంటి తోకలు తగిలించకండి. చెప్పిందేమిటో వాడి నోటితో ఒకసారి అనిపించుకోండి. తర్వాత మనసులో పది లెక్కపెట్టండి. ఈ పది అంకెలు ఓపిక పట్టలేకే చాలామంది పని చెడగొట్టుకుంటారు. మాటను పట్టుకుని కదలడానికి వాడికి ఆ కాస్త సమయం కావాలి. మధ్యలో మళ్లీ చెప్తే మొదటిది జారిపోతుంది. పది దాటినా కదలకపోతే అవే మాటలు, అదే గొంతుతో, ఇంకొక్కసారి. అప్పటికీ లేవకపోతే చేయి పట్టుకుని కలిసి చేయించండి. మూడోసారి చెప్పడమంటూ ఉండకూడదు.

నోటు బల్లమీదకు రాగానే సీసాలో ఒక పిక్క వేయండి. అవును, ఇంకా ఒక్క అంకె రాయకపోయినా సరే, మొదలుపెట్టినందుకే. ఆ తర్వాత లెక్కకొకటి. "చెప్పగానే తెచ్చావ్" అని చేసిన పనిని పేరు పెట్టి మెచ్చుకోండి. ఉత్త "గుడ్ బాయ్" అంటే దేనికన్నారో వాడికి తెలియదు. గోడమీద నక్షత్రాలు అంటించే చార్టుకన్నా పిక్కలే మేలు. గాజుమీద టక్కుమని చప్పుడవుతుంది, తల తిప్పకుండానే అందిందని తెలుస్తుంది, సీసా నిండడం కంటికి కనిపిస్తుంది. స్టీలు డబ్బాలో వేస్తే ఇందులో సగం పోతుంది. పిక్కలను ఆ రాత్రే మార్చేసుకోవాలి: పదికి నాన్నతో ఒక క్యారమ్ ఆట, పదిహేనుకు రేపటి టిఫిన్ వాడు చెప్పిందే. ఫస్టొస్తే సైకిల్ కొంటామన్న మాట ఈ పిల్లలకు పనికిరాదు, మార్చి నెల వాళ్లకు కనుచూపు మేరలో ఉండదు. ఒకసారి వేసిన పిక్కను ఏ కోపంలోనూ వెనక్కి తీయకండి. తీశారంటే సీసా మీద వాడికి నమ్మకం పోయినట్టే.

ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 10 నిమిషాల పని, అంతకంటే పెద్ద పిల్లలకు 15. తర్వాత 5 నిమిషాలు విరామం. విరామంలో ఫోను, టీవీ వద్దు, తిరిగి పిలవడం మీ వల్ల కాదు. మేడ ఎక్కి దిగమనండి, మొక్కలకు నీళ్లు పోయమనండి. మొదటి లెక్క కచ్చితంగా వచ్చినదే ఇవ్వండి. కాళ్లాడిస్తూ రాసినా, నిలబడి రాసినా అడ్డుపడకండి. రోజూ ఎన్ని నిమిషాలు కూర్చున్నాడో నోటుపుస్తకంలో రాసుకోండి, డాక్టరుకు అది చాలా పనికొస్తుంది. మాత్రలు రాసిచ్చినా ఈ పద్ధతి ఆపక్కర్లేదు. మాత్రలను మాత్రం డాక్టరును అడగకుండా మీ అంతట మీరు ఆపకండి.

మొదటి వారం మొండితనం పెరిగినట్టే అనిపిస్తుంది. పాత కేకలు మళ్లీ వస్తాయేమోనని వాడు పరీక్షిస్తాడు, మూడో రోజే పద్ధతి మార్చేయకండి. మూడు వారాలు సాఫీగా సాగితే పిక్కకు రెండు లెక్కలు చేయండి. దసరా సెలవుల తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు ఒక వారం తిరిగి లెక్కకొక పిక్కే వేయండి.