కుక్క రంగు లెక్కలు – 4వ పాఠం: తెల్లకుక్క ముక్కు చూడండి

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క ముందు తేల్చేద్దాం. తల్లి, తండ్రి రెండూ నల్ల లాబ్రడార్లే, పిల్లల్లో ఏ రంగువి ఎన్నెన్ని అన్నది ప్రశ్న. రెండింటిలోనూ ‘బి’ జన్యువు (నలుపా, చాక్లెట్టా తేల్చేది) ఒక కాపీ మంచిది, ఒకటి పాడైంది. ‘ఈ’ జన్యువు (వెంట్రుకలోకి నలుపుని రానిచ్చేది) కూడా అంతే. పిల్లల్ని 16 భాగాలుగా చూస్తే 9 నలుపు, 3 చాక్లెట్, 4 పసుపు. ఇంతవరకు అందరికీ వస్తుంది. తడబడేది ఆ 4 పసుపుల దగ్గరే, ఎందుకంటే అవన్నీ ఒకటి కావు. మూడింటికి ముక్కు నల్లగా ఉంటుంది, ఒకదానికి కాఫీ రంగులో ఉంటుంది. ‘ఈ’ కాపీలు రెండూ పాడైతే వెంట్రుకలోకి నలుపు చేరదు, కానీ చర్మంలో దాని తయారీ ఆగదు. అందుకే వెంట్రుక దాచిన ‘బి’ సంగతి ముక్కు మీద బయటపడుతుంది.

ఈ పాఠమంతా ఆ ముక్కు చుట్టూనే తిరుగుతుంది.

నాకు తెలిసిన ఒకాయన ఆ మధ్య తెల్ల పామేరియన్ పిల్లని తెచ్చుకున్నారు. “ఆల్బినో సార్, చాలా రేర్” అని అమ్మినవాడు మామూలు ధర మీద ఇంకో సగం గుంజాడట. నేను వెళ్ళేసరికి అది మంచం కింద చెప్పు కొరుకుతోంది. ముక్కు బొగ్గులా ఉంది, కంటి అంచులు కాటుక పెట్టినట్టున్నాయి. ఆల్బినో అంటే ఒంట్లో రంగే తయారు కానిది, మరి ఇది ఆల్బినో ఎక్కడిది? పసుపు లాబ్రడార్ కథే ఇదీ. ‘ఈ’ రెండు కాపీలూ పాడై నలుపు పోయింది, మిగిలిన పసుపుని వేరే జన్యువులు పలచన చేసేశాయి. సామోయెడ్ తెలుపు కూడా ఇదే. ఆయనకి చెప్పాక మొహం మాడింది గానీ, ఆరోగ్యంగా ఉన్న కుక్క దొరికినందుకు సంతోషించమన్నాను.

రెండో రకం తెలుపు వేరే దారిలో వస్తుంది. రంగు చేసే కణాలు, అంటే మెలనోసైట్లు, పిండంలో వెన్ను వెంబడి పుట్టి అక్కడినుంచి ఒళ్ళంతా పాకుతాయి. అవి తక్కువపడితే కాలువ చివరి పొలానికి నీరందనట్టు ఒంటి కొసలకి రంగు అందదు. మన వీధికుక్కల్లో కాలివేళ్ళు, ఛాతీ, తోక కొస తెల్లగా కనిపించేది అందుకే. ఈ లోటు బాగా ముదిరితే కుక్క మొత్తం తెల్లబడుతుంది. ఇందులో ప్రధాన పాత్ర ఎంఐటీఎఫ్ అనే జన్యువుది.

ఇక్కడ కాస్త ఆగాలి. లోపలి చెవికి కూడా మెలనోసైట్లు కావాలి. అవి అక్కడికి చేరకపోతే వినికిడి కణాలు పుట్టిన కొద్ది వారాల్లోనే చచ్చిపోతాయి. డాల్మేషియన్లలో చెవుడు ఎక్కువ ఉండటానికి మూలం ఇదే. తమిళనాడు రాజపాళయం కుక్కని చూడండి: పాలలాంటి ఒళ్ళు, గులాబి ముక్కు. చాలామంది ఆల్బినో అనేస్తారు. కానీ కళ్ళు బంగారు గోధుమ రంగు. కంట్లో రంగు తయారవుతోందంటే అది ఆల్బినో కాదు. ఆ జాతిలో చెవిటి పిల్లలు పుట్టడం పెంచేవాళ్ళకి పాత బాధే.

ఇప్పుడు అసలు ఆల్బినిజం. ఇందులో కణాలు పుడతాయి, చేరాల్సిన చోటికి చేరతాయి, కానీ రంగు తయారు కాదు. పాలు గోరువెచ్చగా లేకపోతే తోడు వేసినా పెరుగు తోడుకోదు కదా, అలాగన్నమాట. రంగు చేసే ఎంజైమ్ ఉంటుంది, అది పనిచేసే వాతావరణం కణం లోపల ఉండదు. ఆ వాతావరణాన్ని సరిచూసే జన్యువుల్లో ఒకటి ఎస్‌ఎల్‌సీ45ఏ2. కణాలు తమ చోట్లో ఉన్నాయి కాబట్టి ఆల్బినిజం ఒక్కదాని వల్ల చెవుడు రాదు. తెల్లకుక్క వెనక చేరి చప్పట్లు కొట్టి చూడమనేది ఇందుకే. అయితే వింటే ఆల్బినో అనుకోకండి, రెండో రకంలోనూ వినేవి బోలెడు.

బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలో ఉంది. 1976లో మామూలు నలుపు-గోధుమ డాబర్‌మన్ జంటకి షీబా అనే తెల్ల ఆడపిల్ల పుట్టింది. తర్వాత దాన్ని దాని కొడుకుతోనే జతకట్టించారు. అరుదైన రంగు అమ్ముకునే తొందరలో చేసే పని ఇదే, నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. 2014లో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కారణం పట్టుకున్నారు: ఎస్‌ఎల్‌సీ45ఏ2లో 4,081 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఎగిరిపోయింది. ఈ కుక్కలకి ముక్కు, పెదవులు, కంటి అంచులు అన్నీ గులాబి, కళ్ళు లేత నీలం. ఎండలో కళ్ళు చికిలిస్తాయి. చర్మపు కణితులు కూడా మామూలు డాబర్‌మన్ల కన్నా వీటిలో ఎక్కువని అదే పరిశోధనలో తేలింది.

చూసేటప్పుడు నా పద్ధతి ఇది: ముక్కు, పెదవి, కంటి అంచు, అరికాలి మెత్తలు, చెవి లోపలి వైపు వరుసగా చూస్తాను. ఎక్కడైనా ఒక్క నల్లచుక్క దొరికిందా, ఆల్బినో అన్న మాట దాదాపుగా వదిలేస్తాను. ముక్కు ఒక్కదాన్నే నమ్మకండి, చలికాలంలో కొన్ని పసుపు లాబ్రడార్ల ముక్కు పాలిపోతుంది.

లెక్కకి వద్దాం. ఆల్బినిజం అంతర్గత లక్షణం, అంటే రెండు కాపీలూ పాడైతేనే బయటపడుతుంది. తల్లిదండ్రులు రెండూ రంగువే, కానీ చెరో పాడైన కాపీ మోస్తున్నాయి. అప్పుడు ఒక్కో పిల్ల తెల్లగా పుట్టే అవకాశం 4లో 1. ఎనిమిది పిల్లలు పుట్టి ఒక్కటీ తెల్లది కాలేదంటే తల్లిదండ్రులు శుభ్రం అనుకోవచ్చా? మూడు బై నాలుగుని ఎనిమిదిసార్లు హెచ్చవేయండి: సుమారు 0.10. అంటే అలాంటి పది ఈతల్లో ఒకదానిలో తెల్లపిల్ల కనపడదు. డీఎన్‌ఏ పరీక్షే దిక్కు.

తెల్లపిల్లతో పాటు పుట్టిన రంగు పిల్ల పాడైన కాపీ మోసే అవకాశం ఎంత? సగం అంటారు చాలామంది. కాదు. తల్లి కాపీలు రెండు అడ్డంగా, తండ్రివి రెండు నిలువుగా రాసి గీసిన నాలుగు గడుల్లో తెల్ల గడి కొట్టేస్తే మిగిలేవి మూడు. అందులో రెండు మోసేవే. కాబట్టి 3లో 2.

వచ్చే పాఠానికి లెక్క: ఆ ఈతలోనే పుట్టిన రంగు ఆడపిల్లని, రంగు మగపిల్లని పరీక్ష చేయించకుండా జతకట్టించారు. వాటికి పుట్టే మొదటి పిల్ల తెల్లదయ్యే అవకాశం ఎంత? గడులు గీసే చేయండి, నోటి లెక్క వద్దు.