ఆంప్ పాఠాలు – 4వ భాగం: హెడ్ కొన్నారు సరే, దానికి ఏ క్యాబ్?

గిటార్ సిగ్నల్‌కి పవర్ ఇచ్చే ఆంప్ పెట్టె హెడ్, స్పీకర్లుండే వేరే పెట్టె క్యాబ్. పోయిన భాగంలో హెడ్ వెనకవైపు ఏమేం ఉంటాయో చూశాం కదా. ఇప్పుడు అక్కడే ఇంకోసారి చూడండి, స్పీకర్ జాక్‌ల పక్కన 4, 8, 16 అనే అంకెల్లో కొన్ని కనిపిస్తాయి. క్యాబ్ ఎంపిక అక్కణ్ణుంచే మొదలవ్వాలి. చాలామంది ఏ స్పీకర్ సౌండ్ బాగుంటుందా అని వీడియోలు చూస్తూ మొదలుపెడతారు. అదీ చూద్దాం, ముందు హెడ్ పాడవకుండా ఉండే దారి తేల్చుకుందాం.

ఆ అంకెలు ఓమ్స్, అంటే ఇంపెడెన్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు). ట్యూబ్ హెడ్ (గాజు వాల్వులతో పనిచేసేది) అయితే క్యాబ్ ఎన్ని ఓమ్స్ ఉందో హెడ్ సెలెక్టర్‌ని కూడా అక్కడే పెట్టాలి, లేదా అదే అంకె ఉన్న జాక్ వాడాలి. ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఫలానా లోడ్ తగులుతుందని లెక్కవేసుకునే దాన్ని చుడతారు. అసలు స్పీకరే తగిలించకుండా ట్యూబ్ హెడ్‌లో గట్టిగా వాయించారనుకోండి, శక్తికి పోయే దారి లేక ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ అమాంతం పెరిగి లోపలి ఇన్సులేషన్ పోవచ్చు, ఆ రిపేరు చిన్నది కాదు. ఒక మెట్టు తేడా, అంటే 8కి 16 తగిలించడం లాంటిది, చాలా ఆంప్‌లు తట్టుకుంటాయి గానీ అలవాటు చేసుకోకండి.

సాలిడ్ స్టేట్ హెడ్ (ట్యూబుల బదులు ట్రాన్సిస్టర్లు ఉండేది) లెక్క వేరు. దానికి కనీస ఓమ్స్ ఇంత అని రాసి ఉంటుంది. కనీసం 4 అని ఉంటే 8 గానీ 16 గానీ తగిలించినా ప్రమాదం లేదు, పవర్ తగ్గుతుందంతే (4 నుంచి 8కి వెళితే ఇంచుమించు సగం). 4 కన్నా తక్కువకి దిగితేనే వేడెక్కి ట్రాన్సిస్టర్లు పోతాయి.

రెండు క్యాబ్‌లు పెడితే? హెడ్ మీది రెండు స్పీకర్ జాక్‌లు సాధారణంగా ప్యారలల్‌లో ఉంటాయి, కాబట్టి 16 ఓమ్స్ క్యాబ్‌లు రెండు కలిస్తే 8, 8 ఓమ్స్‌వి రెండు కలిస్తే 4. ఒకటి 8, ఇంకోటి 16 పెడితే మొత్తం సుమారు 5.3 వస్తుంది, పైగా 8 ఓమ్స్ క్యాబ్ రెండో దానికన్నా రెట్టింపు పవర్ లాగేస్తుంది. ఇలాంటి జోడీ జోలికి పోకపోవడమే మంచిది.

ఇంకో మాట, ఇది నేను ప్రతి భాగంలోనూ చెప్పినా తప్పులేదు: హెడ్‌కీ క్యాబ్‌కీ మధ్య స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ బయటికి అచ్చం అలాగే ఉంటుంది, జాక్‌లో దూరుతుంది కూడా, కానీ లోపలి తీగ సన్నం, ఆ కరెంటు మోయడానికి చేసింది కాదు.

ఇక వాట్స్. హెడ్ వాట్స్ కన్నా క్యాబ్ వాట్స్ (అది తట్టుకోగల పవర్) ఎక్కువ ఉండాలి, ఇది అందరూ చెప్పేదే. ఎంత ఎక్కువ అన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది. ట్యూబ్ హెడ్ మీద 50 వాట్స్ అని రాసుందంటే అది క్లీన్‌గా, అంటే శబ్దం చీలకుండా ఇచ్చే పవర్, వాల్యూమ్ పూర్తిగా పెంచి డిస్టార్ట్ చేస్తే అంతకన్నా బాగా ఎక్కువే ఇస్తుంది. సెలెషన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ 25 వాట్స్ స్పీకర్. అవి రెండున్న క్యాబ్‌కి 50 వాట్స్ హెడ్ తగిలిస్తే కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది, ఫుల్ వాల్యూమ్‌లో మాత్రం స్పీకర్లకి గండమే. అవే నాలుగుంటే 100 వాట్స్, హాయిగా వాయించుకోవచ్చు. ఒకే స్పీకర్ ఉన్న క్యాబ్ అయితే హెడ్‌కి రెట్టింపు వాట్స్ ఉన్నది తీసుకోండి.

దాదాపు ఎవరూ చూడని అంకె ఇంకోటుంది: సెన్సిటివిటీ. ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ మోగుతుంది అన్నది. సెలెషన్ విన్టేజ్ 30కి ఇది 100, అదే కంపెనీ జీ12టీ-75కి 97. మూడే కదా అనుకోకండి, 3 డెసిబెల్స్ అంటే ఆంప్ పవర్ రెట్టింపు చేసినంత. విన్టేజ్ 30లో 50 వాట్స్ హెడ్ ఎంత మోగుతుందో, జీ12టీ-75లో అంత మోగడానికి దాదాపు 100 వాట్స్ కావాలి. రిహార్సల్లో డ్రమ్స్ ముందు గిటార్ వినపడట్లేదని పెద్ద హెడ్ కొనే ముందు ఈ అంకె చూడండి. అదే ఇంట్లో వాయించేవాళ్లకి తిరగేసి చెప్పాలి, తక్కువ సెన్సిటివిటీ ఉంటేనే వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పే వీలుంటుంది.

సౌండ్ విషయంలో స్పీకర్ తర్వాత పెద్ద తేడా తెచ్చేది వెనక చెక్క. వెనక మూసేసిన క్యాబ్‌లో లో-ఎండ్ (బేస్ వైపు శబ్దం) బిగువుగా, గుద్దినట్టు వస్తుంది, తీగల మీద అరచెయ్యి ఆనించి వాయించే పామ్ మ్యూట్ రిఫ్‌లకి అదే కావాలి. వెనక తెరిచినదైతే శబ్దం రెండు వైపులా పోయి గదంతా నిండుతుంది, బేస్ కాస్త వదులవుతుంది, క్లీన్ టోన్లకి బాగుంటుంది. మెటల్ వాయించేవాళ్లు ఓపెన్ బ్యాక్ కొంటే, హెడ్‌లో బేస్ నాబ్ ఎంత తిప్పినా ఆ బిగువు రాదు.

సైజు గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: 12 అంగుళాల స్పీకర్లు రెండున్న 2×12 చాలామందికి సరిపోతుంది. 4×12 చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, లో-ఎండ్ కూడా నిండుగా ఉంటుంది, కాదనను, కానీ మెట్లెక్కించేటప్పుడు ఆ గంభీరం దిగిపోతుంది. మామూలు స్పీకర్లు నాలుగున్న క్యాబ్ కన్నా మంచి స్పీకర్లు రెండున్నది మేలు. ఇంకోటి, గిటార్ స్పీకర్‌లో ట్రెబుల్ టార్చ్ లైట్‌లా ఎదురుగానే పోతుంది. క్యాబ్‌ని నేల మీద పెట్టి పక్కన నిలబడి టోన్ సెట్ చేస్తే మీకు మెత్తగా, ఎదురుగా కూర్చున్నవాళ్లకి చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. కొనేముందు వినేటప్పుడు కూడా చెవి స్పీకర్ ఎత్తుకి వచ్చేలా వంగి వినండి.

ఈసారి ఇంటిపని. మల్టీమీటర్ తీసుకోండి. స్పీకర్ కేబుల్ ఒక కొన క్యాబ్‌కి పెట్టి, రెండో కొనని హెడ్‌కి తగిలించకుండా ప్లగ్ చివరకీ దాని పొడవాటి మెటల్ భాగానికీ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. రాసున్న ఓమ్స్ కన్నా తక్కువే చూపిస్తుంది, 8 ఓమ్స్ క్యాబ్ 6, 7 మధ్యలో, 16ది 12 అటూ ఇటూగా. సెకండ్ హ్యాండ్ 4×12 మీద 16 అని రాసుండి మీటర్ 20 దాటిందంటే ఒక స్పీకర్ పోయిందనో వైర్ ఊడిందనో లెక్క, బేరం ఆడే ముందు వెనక చెక్క విప్పించండి. వచ్చే భాగంలో ఒకే క్యాబ్‌లో రెండు రకాల స్పీకర్లు కలిపి పెట్టడం, ఆ వైరింగ్ చూద్దాం, మీ క్యాబ్ రీడింగ్ రాసి పెట్టుకోండి, దానితోనే పని.