తొలినాటి మూకీ లఘుచిత్రాలను చూడవలసిన తీరు

1895 డిసెంబరు 28న ప్యారిస్‌లోని గ్రాండ్ కాఫేలో తొలినాటి ఫ్రెంచి చిత్రనిర్మాతలైన లూమియర్ సోదరులు టికెట్టు పెట్టి ప్రదర్శించిన చిత్రాలు పది. వాటిలో ఒక్కటీ పూర్తిగా నిమిషం నడవదు. ఈనాడు వాటిని ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడవచ్చు గాని, చాలామంది ఒకటి రెండు చూసి ఇందులో ఏముందని పక్కన పెట్టేస్తారు. కథ కోసం ఎదురుచూసే అలవాటుతో చూడటమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. కొద్దిపాటి సన్నద్ధతతో చూస్తే ఇవి ఎంతో ఇస్తాయి.

ముందుగా వేగం సరిచూసుకోవాలి. లూమియర్ కెమెరాలో పట్టే ఫిల్ము సుమారు 17 మీటర్లు. చేత్తో తిప్పే కెమెరా కనుక వేగంలో కొంత తేడా ఉన్నా, సెకనుకు దాదాపు 16 ఫ్రేముల చొప్పున అది సుమారు 50 సెకన్లు నడిచేది. అదే ఫిల్మును తరువాతి కాలపు 24 ఫ్రేముల వేగంతో తిప్పితే 35 సెకన్లలోపే అయిపోతుంది, మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడుస్తారు. పాత సినిమాలన్నీ ఇలాగే గంతులు వేసేవన్న అపోహ పుట్టింది ఇక్కడే. మీకు దొరికిన ప్రతి (కాపీ) అలా ఉంటే ప్లేయరులో వేగాన్ని 0.75కు తగ్గించండి. అయితే అమెరికాలోని ఎడిసన్ సంస్థ కినెటోస్కోప్ (ఒక్కరే రంధ్రంలోంచి తొంగిచూసే సినిమా పెట్టె) కోసం తీసిన చిత్రాల్లో కొన్ని సెకనుకు 40 ఫ్రేముల దాకా వేగంతో తీసినవి కనుక, అన్నిటికీ ఒకే కొలత పనికిరాదు. మనిషి నడక, పొగ, నీటిధార సహజంగా కనిపించే వేగమే సరైన వేగం.

ప్రతిని ఎంచుకోవడంలోనూ శ్రద్ధ అవసరం. కృత్రిమ మేధతో రంగులు వేసి, లేని ఫ్రేములు కల్పించి నున్నగా చేసిన ప్రతులు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిలో ముఖాలు కరిగి, ఆకులు ముద్దగా మారిపోతాయి. అసలు చిత్రంలో లేనిదాన్ని ఉన్నట్టు చూపే ఇటువంటి ప్రతులను పూర్తిగా వదిలేయమనే చెబుతాను. రంగు ఉన్నంత మాత్రాన ప్రతి నకిలీది అనుకోనక్కరలేదు. ఆనాడే ఒక్కొక్క ఫ్రేముకు చేత్తో రంగులు అద్దేవారు. ఫ్రెంచి ఇంద్రజాలికుడు, దర్శకుడు జార్జ్ మెలియెస్ 1902లో తీసిన చంద్రయాత్ర చిత్రానికి అటువంటి రంగుల ప్రతి 1993లో బార్సిలోనాలో బయటపడగా, దానిని బాగుచేసి 2011లో ప్రదర్శించారు.

మొదటిసారి ధ్వని ఆపి చూడండి. ఆనాటి ప్రదర్శనల్లో పియానో వాయించేవారన్నది నిజమే గాని, ఇప్పుడు జతచేస్తున్న సంగీతం చాలావరకు తరువాతివారు తమ ఇష్టం కొద్దీ పెట్టినది, అది మన దృష్టిని ముందే ఒక దారి పట్టిస్తుంది.

ఇక అసలు పని, ఒక్కొక్క చిత్రాన్ని మూడుసార్లు చూడటం. లూమియర్ సోదరుల తోటమాలి చిత్రాన్ని తీసుకోండి. కుర్రవాడు నీటి గొట్టాన్ని తొక్కుతాడు, నీరు ఆగుతుంది, తోటమాలి గొట్టం మూతిలోకి తొంగిచూస్తాడు, కుర్రవాడు కాలు తీస్తాడు. మొదటిసారి ఈ హాస్యం చాలు. రెండోసారి ఫ్రేము అంచులను చూడండి. పారిపోతున్న కుర్రవాడిని పట్టుకున్న తోటమాలి అక్కడే కొట్టకుండా, వెనక్కి లాక్కొచ్చి మన కళ్లెదుట నిలబెట్టి మరీ కొడతాడు. కెమెరా కదలదు కనుక మనుషులే దాని ఎదుటికి రావాలి. ఆనాటికే దర్శకత్వం ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం నాకు కనిపించదు. మూడోసారి వెనుక దృశ్యాన్ని చూడాలి. వారిదే అయిన పసిపాపకు తినిపించే చిత్రంలో ఆనాటి ప్రేక్షకులను ఆశ్చర్యపరచింది పాప వెనుక గాలికి కదులుతున్న ఆకులు. రంగస్థలం మీద గీసిన తెరలు చూసిన కళ్లకు అది కొత్త అద్భుతం.

మెలియెస్ చిత్రాలకు మరో పద్ధతి కావాలి. 1896లో ఆయన తీసిన మాయమయ్యే స్త్రీ చిత్రంలో, నేలలో రహస్యద్వారం లేదని చూపడానికి ముందుగా వార్తాపత్రిక పరిచి, దానిపై కుర్చీ వేసి, ఆమెను కూర్చోబెట్టి గుడ్డ కప్పుతాడు. ఆమె మాయమయ్యేది కెమెరాను ఆపి మళ్లీ తిప్పడంతో. ఆ చోట వీడియోను నిలిపి ఒక్కొక్క ఫ్రేమూ జరిపి చూడండి, అతుకు చిన్న కుదుపుగా దొరుకుతుంది.

వీటి తరువాత ఇంగ్లండు దర్శకుడు జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ 1900లో తీసిన భూతద్దం చిత్రానికి వెళితే, పిల్లవాడు అద్దంలోంచి చూస్తున్నది గుండ్రని దగ్గరి దృశ్యాలుగా కనిపిస్తుంది. కెమెరా ఇప్పుడు ఒక పాత్ర కళ్లతో చూస్తోందన్నమాట. ఎడిసన్ సంస్థ కోసం ఎడ్విన్ పోర్టర్ 1903లో తీసిన రైలు దోపిడీ చిత్రాన్ని చివరికి ఉంచుకోండి. బందిపోటు నేరుగా మనపైకి తుపాకీ పేల్చే దృశ్యం కొన్ని ప్రతుల్లో మొదట, కొన్నింటిలో చివర ఉంటుంది. రెండూ సరైనవే, ఎందుకంటే దానిని ఎక్కడ పెట్టుకోవాలో ప్రదర్శకుడి ఇష్టానికే ఎడిసన్ సంస్థ వదిలిపెట్టింది.