ఎడారి కొండల్లో నడకకి వెళ్తే జేబులో దువ్వెన ఉండాలి

అమలాపురం, రాజోలు వైపు నుంచి అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి ఒక మాట. అక్కడ ఊళ్లోనే సౌత్ మౌంటెన్ లాంటి ఎడారి కొండల పార్కులున్నాయి. చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే చిన్న చిన్న తేలిక దారులుంటాయి, తప్పక నడవండి. చలికాలమైతే హాయి. ఎండాకాలం తెల్లవారుజామునే ముగించేయాలి.

మన కోనసీమలో నాలుగడుగులు వేస్తే చొక్కా తడిసిపోతుంది, ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. అక్కడ పొడిగాలికి చెమట పట్టగానే ఆరిపోతుంది, నీరు పోతున్నట్టే తెలీదు. దాహం వేసేదాకా ఆగకుండా తాగుతుండండి. సగం దారి రాకముందే సగం సీసా అయిపోతే వెనక్కి వచ్చేయండి.

ఇక దువ్వెన. చోయా అనే జముడు ముక్కలు కాస్త తగిలితే చాలు, ఊడొచ్చి పిక్కలకి అంటుకుంటాయి. ముళ్లకి వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి, చేత్తో లాగితే చేతికీ గుచ్చుకుంటాయి. దువ్వెన పళ్లు ముక్క కిందకి పోనిచ్చి ఒక్కసారి బయటికి విదిలించండి. ఆ వైపు ఎవరూ లేకుండా చూసుకోండి. మిగిలిన ముళ్లు పట్టకారుతో తీసేయొచ్చు. చెప్పులు మాత్రం వద్దు, బూట్లే.