చేతికొచ్చిన ఆర్డర్ చదవడం – 4వ పాఠం: అధికారం ఎక్కడిది?

పోయిన పాఠం చివర ఒక మున్సిపల్ నోటీసు ఇచ్చి, అది చెల్లుతుందా అని అడిగాను. చాలామంది ఒకే జవాబు రాశారు: "ఇందులో సెక్షన్ నంబరు లేదు, కాబట్టి చెల్లదు." కొత్త సంగతి ఎత్తుకునే ముందు దీన్ని తేల్చుకుందాం. ఈ ఒక్క పాయింటు పట్టుకుని కోర్టుకెళ్లి భంగపడ్డవాళ్లను చూశాను.

సెక్షన్ రాయకపోయినా, తప్పు సెక్షన్ రాసినా, అంతమాత్రాన ఆర్డర్ పోదు. ఆ అధికారం చట్టంలో నిజంగా ఉంటే చాలునని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అందుకే వెతకాల్సింది నోటీసులో కాదు, చట్టంలో.

అక్కడా దొరకకపోతే? 1962 నాటి ఖరక్ సింగ్ కేసు చూడండి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి. అయినా ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పేరుతో రాత్రిళ్లు ఇంటికొచ్చి నిద్రలేపేవారు. వాళ్ల రెగ్యులేషన్స్‌లో ఆ మాట ఉంది. కానీ వాటి వెనక ఏ చట్టమూ లేదు, అవి శాఖాపరమైన సూచనలు మాత్రమే. రాత్రిపూట ఇంటికి రావచ్చన్న నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. జీవో, మెమో, సర్క్యులర్, దేనికైనా ఇదే కొలత. పింఛను పథకం పెట్టడానికి ప్రభుత్వానికి జీవో సరిపోవచ్చు. మీ స్వేచ్ఛ మీద, ఆస్తి మీద చెయ్యి వెయ్యాలంటే చట్టం కావాలి. "జీవో ఉందండీ" అంటే, "ఏ చట్టం కింద ఇచ్చారండీ?" అని అడగండి.

ఇక అసలు మెలిక. అధికారాన్ని తర్వాత వెతికి చూపించవచ్చు. కారణాన్ని మాత్రం తర్వాత అతికించడానికి వీల్లేదు. బొంబాయిలోని అంధేరీలో సినిమా హాలు కట్టుకోవడానికి గోర్ధన్‌దాస్ భాంజీకి పోలీస్ కమిషనర్ అనుమతిచ్చారు. తర్వాత రద్దయిందని ఉత్తరం పంపారు, అదీ ప్రభుత్వం ఆదేశించిందంటూ. రూల్స్ ప్రకారం రద్దు చేసే అధికారం కమిషనర్‌ది, ప్రభుత్వానిది కాదు. కోర్టులో మాత్రం అది కమిషనర్ సొంత నిర్ణయమేనని వాదించారు. సుప్రీంకోర్టు 1951లో ఒప్పుకోలేదు: ఉత్తరంలో ఉన్న మాటకే అర్థం చెప్పాలి, తర్వాత ఇచ్చుకునే వివరణకి కాదు. 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్నే గట్టిగా మళ్లీ చెప్పారు.

అందుకే నేను ఏ ఆర్డర్‌నైనా కింది నుంచి చదువుతాను. ముందు సంతకం, హోదా. తర్వాత "పై అధికారుల ఆదేశాల మేరకు" లాంటి మాట ఉందేమో చూస్తాను. చట్టం తహసీల్దారుకి వదిలిన నిర్ణయం ఇంకెవరో తీసుకున్నారని ఆ మాటే పట్టిస్తుంది.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక ఆర్డర్ తీసుకోండి. ప్రతి వాక్యం ఎదుట ఆ అధికారం ఏ చట్టంలో, ఏ సెక్షన్‌లో, ఎవరికి ఉందో రాయండి. చట్టాలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సవరణలు కలిసి ఉన్నాయో లేదో చూసుకోండి. వారం పట్టినా ఫర్వాలేదు, ఒక్క వాక్యం కూడా వదలొద్దు.