ఇంట్లో పుప్పొడి, మూడో పాఠం: తలుపు నుంచి తలగడ దాకా

పుప్పొడి ఎలర్జీతో తుమ్మేవాళ్ళ కోసం ఈ పాఠాలు. ఇంట్లో ఎక్కడ ఎంత పడుతుందో చూడటానికి పోయినసారి ఇచ్చిన హోంవర్క్ చేశారా? చెయ్యనివాళ్ళు ఈ రాత్రే పెట్టేయండి, పెద్ద పనేం కాదు. రెండు గాజు ముక్కలో, తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూతలో తీసుకుని పల్చగా వ్యాసలీన్ రాసి, ఒకటి కిటికీ గట్టు మీద, ఇంకొకటి మంచం తలవైపు పెట్టి రెండు రోజులు ముట్టుకోకుండా వదిలేయడమే. ఈ ఉపాయం నాది కాదు. మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టరు ఉండేవాడు, ఆయనకే ఈ తుమ్ముల జబ్బు. జిగురు పూసిన గాజు పలకలు పెట్టి, వాటిని గాలిపటాలకు కట్టి కూడా ఎగరేసి, ఇదంతా పుప్పొడి పనేనని 1873లో తేల్చి చెప్పాడు. మన దగ్గర మైక్రోస్కోప్ లేదు కాబట్టి ఏది పుప్పొడో ఏది దుమ్మో కంటితో చెప్పలేం. మనకు కావాల్సింది పోలిక మాత్రమే.

మా ఇంటి సంగతి చెప్తాను. మాది హైదరాబాద్ శివార్లలో రెండో అంతస్తు, పక్కన ఖాళీ ప్లాటు, వానలు పడ్డాక అందులో నడుం ఎత్తు వయ్యారిభామ. అదేనండీ, కాంగ్రెస్ గడ్డి. మన దేశంలో 1950ల మధ్యలో పుణె వైపు మొదట అందరి కంటా పడిన మొక్క, ఇప్పుడు అది లేని ఖాళీ జాగా చూపించమంటే నేను చూపించలేను. కిటికీ దగ్గర మూత మురికి పడుతుందని ముందే అనుకున్నా. కానీ మంచం దగ్గర పెట్టింది కూడా దాదాపు అంతే పట్టింది, అదీ కిటికీలు మూసే ఉంచిన రెండు రోజుల్లో! అక్కడే నాకు బుర్ర తిరిగింది.

కారణం పుప్పొడి రేణువు బరువులో ఉంది. పొగ కణాలతో పోలిస్తే ఇది బండరాయి. ముక్కుకు తంటా తెచ్చే రకాలు చాలావరకు 15 నుంచి 40 మైక్రాన్ల మధ్య ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత సైజు రేణువు గాలి కదలని గదిలో ఆరడుగుల ఎత్తు నుంచి కొన్ని నిమిషాల్లోనే నేలకు దిగిపోతుంది. అంటే బయట ఉన్నంతసేపే అది గాలి సమస్య, ఇంట్లోకి వచ్చాక గుడ్డల సమస్య, నేల సమస్య. మళ్ళీ పైకి లేపేది మనమే: చీపురుతో, ఫ్యాన్‌తో, పొద్దున్నే దుప్పటి దులపడంతో. లోపలికి మోసుకొచ్చేది కూడా సగం మనమే, ఒంటి మీద.

కాబట్టి ఈ పాఠం మొత్తం ఒక దారి గురించి. గుమ్మం దగ్గర మొదలై తలగడ దగ్గర ఆగే దారి.

చెప్పులు బయట విడవడం మనకు ఎలాగూ అలవాటే, ఆ మేరకు మన పెద్దవాళ్ళు మంచి పని చేశారు. కానీ బట్టలో? ప్రతి ఇంట్లో పడకగదిలో ఒక కుర్చీ ఉంటుంది, ఒకసారి వేసుకున్న ప్యాంటు, చున్నీ, రేపు మళ్ళీ వేసుకుందాంలే అనుకున్న చొక్కా అన్నీ దాని మీదే. మీ ఇంట్లో లేదంటే నేను నమ్మను. ఆ కుర్చీని ఇవాళే బయటి గదిలోకి తీసెయ్యండి. ఈ ఒక్క పాఠంలో ఒక్క పనే చేస్తానంటే అదే చెయ్యండి. బయటి నుంచి రాగానే బాత్రూంలోనే బట్టలు మార్చుకుని అక్కడే బకెట్లో వెయ్యాలి. స్కూటర్ మీద తిరిగేవాళ్ళు హెల్మెట్‌ను మంచం మీద పడేస్తారు చూడండి, దాని లోపలి మెత్త కూడా బయటి దుమ్మంతా పట్టిందే.

తర్వాత జుట్టు. కొబ్బరినూనె రాసిన జుట్టు అంటే నడిచే వ్యాసలీన్ మూత అనుకోండి. రోజంతా పట్టింది రాత్రి తలగడకు అంటుకుంటుంది, ఎనిమిది గంటలు దాని మీదే ముక్కు పెట్టుకుని పడుకుంటాం. పొద్దున తుమ్ములు రాకేం చేస్తాయి? ఈ సీజన్‌లో స్నానం పొద్దున్నుంచి సాయంత్రానికి మార్చుకుంటే చాలా తేడా తెలుస్తుంది. ఈ మాట ఇంట్లో అంటే అమ్మ వెంటనే, "రాత్రి తలస్నానం చేస్తే జలుబు చెయ్యదుట్రా?" అంది. జలుబు ఎలాగూ ఉందిగా అన్నాను, ఒప్పుకోలేదు. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, రోజూ తలస్నానం అక్కర్లేదు, పడుకునే ముందు తడి తువ్వాలుతో జుట్టంతా ఒకసారి గట్టిగా తుడిచి, ముఖం, కనురెప్పలు కడుక్కోవడం. బయటికి వెళ్ళేటప్పుడు తలకు స్కార్ఫ్ కట్టుకుంటే తుడిచే పని కూడా తగ్గుతుంది. జడలో మల్లెపూల గురించి అడుగుతారని తెలుసు. ఆ పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి పురుగుల ఒంటికి అంటుకుని వెళ్ళే రకం, గాల్లో ఎగిరేది కాదు. వాసన పడనివాళ్ళ సంగతి వేరు.

ఇక పక్క. దీనికి ఖర్చులేని ఉపాయం: పొద్దున లేచాక పక్కను దులపకుండా, దాని మీద పాత నూలు చీర ఒకటి తలగడలతో సహా పూర్తిగా కప్పేయండి. పగలంతా పడేది దాని మీద పడుతుంది. రాత్రి దాన్ని అంచుల నుంచి లోపలికి మడుస్తూ తీసి, దులపకుండా నేరుగా ఉతకడానికి వెయ్యండి. తలగడ గలీబులు వారానికి రెండుసార్లు. ఉతికినవి మేడ మీద ఆరేస్తే చేసిందంతా వృథా. అయితే వానాకాలంలో ఇంట్లో ఆరేస్తే ముక్కవాసన, బూజు, అది ఇంకో ఎలర్జీ. నేనైతే మిగతావన్నీ మేడ మీదే వేస్తాను, గలీబులూ దుప్పట్లూ మాత్రం ఇంట్లో ఫ్యాన్ కింద.

ఊడ్చే పని గురించి రెండు ముక్కలు. ఫ్యాన్ ఆపి, ముందు తడిగుడ్డ, చీపురు వీలైతే పడకగదిలో వద్దనే వద్దు. ఫ్యాన్ రెక్కలకు పాత గలీబు తొడిగి లాగితే దుమ్మంతా సంచిలోకే వస్తుంది, మీద పడదు.

ప్యూరిఫైయర్ కొనాలా అని అడిగేవాళ్ళకు: ఇవన్నీ చేశాకే. గాల్లో ఉన్నదాన్నే అది పట్టగలదు, తలగడలో ఉన్నదాన్ని కాదు. కొంటే లెక్క ఇలా చూసుకోండి. గది 12 అడుగులు, 10 అడుగులు, ఎత్తు 10 అనుకుంటే 1200 ఘనపుటడుగులు, అంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు ఆ గాలి వడకట్టాలంటే గంటకు 170 ఘనపు మీటర్లు కావాలి. డబ్బా మీద సీఏడీఆర్ అని, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో, రాసి ఉండే అంకె అంతకు తక్కువైతే వద్దు.

ఒక హెచ్చరిక. వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా ఏడాది పొడుగునా పక్క మీదే తుమ్ములొస్తుంటే అది బహుశా పరుపులోని డస్ట్ మైట్స్, అంటే కంటికి కనిపించని దుమ్ము పురుగుల పని. అప్పుడు గలీబులు వేడి నీళ్ళలో ఉతకాలి, ఈ చీర సరిపోదు. ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం ఉంటే పాఠాలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఈ వారం హోంవర్క్: కుర్చీ తీసేసి, చీర కప్పడం మొదలుపెట్టి, ఐదో రోజు నుంచి మంచం దగ్గర మళ్ళీ కొత్త మూత రెండు రోజులు పెట్టండి. పాతదీ కొత్తదీ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి ఫోటో తీసి ఉంచుకోండి, నాలుగో పాఠంలో అవసరం. అందులో కూలర్ గురించి మాట్లాడుకుందాం. కిటికీ తెరిస్తే తప్ప సరిగా పనిచెయ్యని యంత్రంతో ఏం చెయ్యాలన్నది కాస్త చిక్కు ప్రశ్నే, ఈలోగా దాన్ని అమ్మేయకండి.