‘నక్షత్రం చిరిగింది’ అని గ్రూపులో పెట్టేముందు కాస్త ఆగండి

చిలీలో సెర్రో పచోన్ అనే కొండ మీద కట్టిన రూబిన్ అబ్జర్వేటరీ తీసిన మొదటి ఫొటోలు 2025 జూన్‌లో బయటికొచ్చాయి. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా. పదేళ్ల పాటు దక్షిణాకాశాన్ని మళ్లీ మళ్లీ ఫొటో తీయడమే దాని పని. పూర్తి జోరు అందుకుంటే ఒక్క రాత్రికి కోటి దాకా అలర్టులు వస్తాయని అంచనా, అంటే ఆకాశంలో ఏ చుక్క వెలుగు మారినా ఒక చీటీ వచ్చి పడుతుందన్నమాట. కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ నుంచి జెడ్‌టీఎఫ్ అనే ఆకాశ సర్వే 2018 నుంచే ఇలాంటివి పంపుతోంది. వాటిని లసేర్, అలెర్సే లాంటి సైట్లలో ఎవరైనా, పైసా కట్టకుండా, ఇంట్లో మంచం మీద కూర్చుని చూడొచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది, ఏ చుక్క మెరిసినా బ్లాక్ హోల్ నక్షత్రాన్ని చీల్చేసిందని పోస్టు పెట్టేయాలనిపిస్తుంది.

నా సంగతే చెప్తాను. రెండేళ్ల క్రితం ఓ రాత్రి రెండింటికి ఒక గెలాక్సీ సరిగ్గా నడిమధ్యలో నీలంగా మెరుస్తున్న చుక్క కనబడింది. వెనకాముందూ చూడకుండా మా ఆస్ట్రానమీ గ్రూపులో “బ్లాక్ హోల్ నక్షత్రాన్ని చీల్చేసింది, టీడీఈ దొరికింది!” అని పెట్టేసి హాయిగా పడుకున్నాను. పొద్దున లేచేసరికి నలభై లైకులు, వాటి కింద మా సీనియర్ అన్న ఒకాయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: “పాత డేటా చూశావా?” చూడలేదు. అప్పుడు చూస్తే ఆ గెలాక్సీ కేంద్రం అయిదారేళ్లుగా అలాగే ఎగిరి దూకుతోంది. ఆయన ఆ తర్వాత ఇంకేమీ అనలేదు, తిట్టినా బాగుండేది.

అందుకే మొదటి జాగ్రత్త, వెతుకుతున్నది ఏమిటో లెక్కతో సహా తెలిసి ఉండాలి. టీడీఈ అంటే టైడల్ డిస్రప్షన్ ఈవెంట్. టైడ్ అంటే మన సముద్రంలో వచ్చే ఆటుపోటే. చంద్రుడు భూమికి దగ్గరవైపును ఎక్కువగా, దూరపువైపును తక్కువగా లాగుతాడు, ఆ తేడా వల్లే నీళ్లు పొంగుతాయి. చంద్రుడి బదులు 10 లక్షల సూర్యులంత బరువున్న కృష్ణబిలం (బ్లాక్ హోల్), భూమి బదులు సూర్యుడంత నక్షత్రం ఉన్నాయనుకోండి, ఆ నక్షత్రం సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా దాని సొంత గురుత్వాకర్షణను మించిపోతుంది. బుధుడు సూర్యుడికి బాగా దూరంగా వెళ్లినప్పుడు ఉండేంత దూరం అది. నక్షత్రం సాగి, తీగలా చీలిపోతుంది. ఆ పదార్థంలో దాదాపు సగం విసిరేసినట్టు బయటికి పోతుంది, మిగతా సగం చుట్టు తిరిగి వెనక్కి వచ్చి పడుతుంది. ఈ లెక్కలో మొదటి విడత వెనక్కి రావడానికే దాదాపు 40 రోజులు పడుతుంది. కాబట్టి “ఒక్క క్షణంలో మింగేసింది” అని ఎవరైనా రాస్తే అక్కడే చదవడం ఆపేయొచ్చు.

ఒక గెలాక్సీలో ఇది పది వేల నుంచి లక్ష ఏళ్లకు ఒకసారి జరిగే పని. ఈ అంకెను స్క్రీన్ పక్కన కాగితం మీద రాసి అంటించుకోండి, నేను అంటించుకున్నాను. అంత అరుదైనది మీకు వారానికి మూడు దొరుకుతున్నాయంటే తేడా ఆకాశంలో లేదు.

ఇక అలర్టు తెరిస్తే పక్కపక్కనే స్టాంపు బిళ్లలంత మూడు చిన్న బొమ్మలు ఉంటాయి. ఒకటి ఈ రాత్రి తీసింది, రెండోది పాతది, మూడోది మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసివేస్తే మిగిలింది. అందరి కళ్లూ మొదటి బొమ్మ మీదికే పోతాయి, మీరు మాత్రం మూడోదాని మీద సమయం పెట్టండి. అక్కడ గుండ్రంగా, తెల్లగా, ఒంటరిగా చుక్క ఉంటే మంచిదే. సగం తెలుపు, సగం నలుపుగా, పక్కపక్కన అతుక్కున్నట్టు ఉంటే అది చుక్క కాదు, రెండు ఫొటోలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు, అంతే. పెద్ద ప్రకాశవంతమైన గెలాక్సీల నడుమ ఇది మహా ఎక్కువ, మనం వెతికేదీ ఖర్మకాలి అక్కడే. ఒకే ఒక్కసారి కనబడి మాయమైతే ఏ గ్రహశకలమో అటుగా పోయి ఉండొచ్చు, మళ్లీ కనబడేదాకా ఆగండి.

చుక్క నిజమని తేలాక చరిత్ర తవ్వాలి. నన్ను ముంచింది ఇదే కాబట్టి గట్టిగా చెప్తున్నాను. చాలా గెలాక్సీల్లో కృష్ణబిలం ఎప్పటినుంచో గ్యాస్ తింటూనే ఉంటుంది, అది తినే తిండి పెరిగినప్పుడల్లా కేంద్రం మెరుస్తుంది. ఇలా చురుగ్గా ఉండే కేంద్రాలను ఏజీఎన్‌లు అంటారు. వెలుగు గీతను (రోజురోజుకీ వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫును) మెరుపు మొదలైన రోజు నుంచి కాదు, దొరికినంత వెనక్కి లాగి చూడండి, ఏళ్ల తరబడి బల్లపరుపుగా ఉండి ఒక్కసారిగా లేచిందా, లేక ముందు కూడా ఎగుడుదిగుడులు ఉన్నాయా అని. ఇన్‌ఫ్రారెడ్‌లో వైజ్ ఉపగ్రహం సేకరించిన రంగులు చూస్తే కూడా ఏజీఎన్ వాసన చాలావరకు తెలిసిపోతుంది. అయినా పూర్తి భరోసా లేదు, ఎందుకంటే ఏళ్లకేళ్లు నిద్రపోయి హఠాత్తుగా మేలుకునే కేంద్రాలూ ఉన్నాయి. కన్యా రాశి వైపు 30 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో అన్‌స్కీ అని ముద్దుపేరు పెట్టిన ఒకటి 2019 డిసెంబరులో అలాగే లేచింది.

నడిమధ్యలోనే ఉండాలి అన్న నియమం గురించి ఒక మాట. చుక్క కేంద్రం నుంచి జరిగి ఉంటే అది నక్షత్రం పేలుడు, అంటే సూపర్‌నోవా అని పక్కన పెట్టేయడం మా అందరికీ అలవాటు, నూటికి తొంభై సార్లకు పైగా అదే నిజం కూడా. కానీ ఏటీ2024టీవీడీ అనే మెరుపు కేంద్రానికి దాదాపు 2,600 కాంతి సంవత్సరాల అవతల ఉంది, తీరా చూస్తే టీడీఈనే, ఆ గెలాక్సీలో తిరుగాడుతున్న మరో పెద్ద కృష్ణబిలం చేసిన పని. అందుకని జరిగినవాటిని చెత్తబుట్టలో వేయకండి, వేరే ఫోల్డర్లో వేయండి.

రంగు చూడటం తేలిక. జీ (ఆకుపచ్చ), ఆర్ (ఎరుపు) ఫిల్టర్ల వెలుగు గీతలు రెండూ ఒకే గ్రాఫులో వేసుకోండి. సూపర్‌నోవా చల్లారుతూ ఎర్రబడుతుంది కాబట్టి కొన్ని వారాలకు జీ గీత ముందు జారిపోయి మధ్యలో సందు పెరుగుతుంది. టీడీఈలో నెలలు గడిచినా రెండు గీతలూ జంట ఎడ్లలా కలిసే దిగుతాయి, ఎందుకంటే వేడి 10 వేల నుంచి 40 వేల డిగ్రీల మధ్య పెద్దగా మారకుండా ఉంటుంది (సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలే). కానీ చుట్టూ ఉన్న గ్యాస్‌ను గుద్దుకునే కొన్ని సూపర్‌నోవాలు కూడా నీలంగానే మొండికేస్తాయి, కాబట్టి స్పెక్ట్రమ్, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, రాకుండా తీర్పు ఇవ్వకూడదు. అందులో వెడల్పాటి హైడ్రోజన్, హీలియం గీతలు, అంటే సెకనుకు 10 వేల కిలోమీటర్ల వేగంతో కదిలే గ్యాస్ జాడలు కనబడితే అప్పుడు గుండె కొట్టుకోవడంలో తప్పులేదు.

పెద్దవాళ్లు కూడా ఇక్కడ కాలు జారినవాళ్లే, మనకు కాస్త ఓదార్పు. 2015 జూన్‌లో కనబడిన ఒక మెరుపును, అసాసిన్-15ఎల్‌హెచ్‌ను 2016 జనవరిలో అప్పటిదాకా చూసినవాటిలోకెల్లా ప్రకాశవంతమైన సూపర్‌నోవాగా ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరుకల్లా ఇంకో బృందం వచ్చి, కాదు కాదు, గిరగిరా తిరిగే కృష్ణబిలం నక్షత్రాన్ని చీల్చింది అంది. ఆ ‘గిరగిరా’ ఊరికే అన్న మాట కాదు. కృష్ణబిలం బరువు 10 కోట్ల సూర్యులు దాటితే సూర్యుడి లాంటి నక్షత్రం చిరిగేలోపే వెలుగు కూడా తిరిగిరాలేని గడప దాటి లోపలికి పోతుంది, మెరుపే ఉండదు. ఆ గెలాక్సీలోని కృష్ణబిలం ఆ హద్దు దాటినదే, అయితే బాగా వేగంగా తిరిగేదైతే హద్దు కాస్త పెరుగుతుంది. అంటే గెలాక్సీ ఎంత పెద్దదో చూడకుండా టీడీఈ అనడం కూడా తొందరపాటే.

సరే, టీడీఈ అని తేలింది, మెరుపు ఆరిపోయింది, ఫైలు మూసేద్దామా? వద్దు. ఏటీ2018హెచ్‌వైజెడ్ 2018లో మెరిసి ఆరిపోయాక రెండు మూడేళ్లకు రేడియోలో భళ్లున లేచింది, కాంతిలో సగం వేగంతో పదార్థాన్ని చిమ్ముతూ. భోజనం అయిన మూడేళ్లకు త్రేన్పు. ఏటీ2019క్యూఐజెడ్ అయితే ఇంకా విచిత్రం, 2019లో నక్షత్రాన్ని చీల్చింది, ఆ తర్వాత చూస్తే సుమారు 48 గంటలకోసారి ఎక్స్‌రే మెరుపులు వస్తున్నాయి, మిగిలిన శిథిలాల పళ్లెంలోంచి ఇంకేదో వస్తువు పదేపదే దూసుకుపోతోందని అంటున్నారు. దాన్ని చూసినవాటిలో మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం కూడా ఉంది. అసాసిన్-14కేఓ దాదాపు 114 రోజులకోసారి వాయిదా కట్టినట్టు మెరుస్తుంది. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఆరు నెలలకోసారి పాతవాటిని మళ్లీ తిరగేయండి.

ఇంట్లోవాళ్ల టెన్షన్ కూడా చూసుకోవాలి. నేను పెట్టిన ఆ పోస్టు ఎలా పోయిందో ఏమో, మా పెదనాన్న ఫోన్ చేసి “ఏరా, బ్లాక్ హోల్ ఏదో మింగుతోందంటగా, మనకేమైనా ఉందా?” అన్నారు. మన పాలపుంత నడుమ ఉన్నది 40 లక్షల సూర్యుల బరువే అయినా మనకు 26 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరం. సూర్యుడి లాంటి నక్షత్రం చిరగాలంటే దానికి 11 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి రావాలి. ఎస్2 అనే నక్షత్రం 2018 మేలో దానికి బాగా దగ్గరగా వెళ్లినప్పుడు కూడా మధ్యలో దాదాపు 1,800 కోట్ల కిలోమీటర్లు ఉన్నాయి, చిటికెడు కూడా చిరగలేదు. పెదనాన్నకి ఇదంతా చెప్తే “మరి ఆ ఎర్ర మంటల ఫొటో?” అన్నారు. నక్షత్రం చిరుగుతున్నట్టు చూపే ఆ మంటల బొమ్మలన్నీ చిత్రకారులు గీసినవి, మనకు దొరికేది కొన్ని పిక్సెళ్ల చుక్క. పోస్టులో ఆ మంటల బొమ్మ పెట్టేట్టయితే ‘ఇది బొమ్మ’ అని రాయండి.

రాసేటప్పుడు టీడీఈ అనకండి, ‘అనుమానం’ అనండి. ఏటీతో మొదలయ్యే అధికారిక పేరు ఉంటే అదే పెట్టండి, ముందు ఎవరు రిపోర్ట్ చేశారో చూసి వాళ్ల పేరు చెప్పండి, సమయం యూటీలో (అంటే గ్రీన్విచ్ సమయంలో) రాయండి. మన గడియారం అయిదున్నర గంటలు ముందుంటుంది కదా, నేను ఒకసారి మన టైమే వేసేసి ఇంకా తీయని ఫొటోలో చుక్క చూసినవాణ్ణయ్యాను.